ఇర్వింగ్ హౌ ‘వరల్డ్ ఆఫ్ అవర్ ఫాదర్స్’: కొనొచ్చా అంటే, తప్పకుండా కొనండి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏడొందల పేజీలు దాటిన పుస్తకం, ట్రైన్‌లో ఒంటిచేత్తో పట్టుకుని చదివే సైజు కాదు, అక్షరాలు కూడా చిన్నవే. అయినా సరే, ఈమధ్య నేను కొన్న పుస్తకాల్లో పెట్టిన డబ్బుకి పూర్తిగా న్యాయం చేసింది ఏదంటే ఇదే. రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా.

పుస్తకం 1976లో వచ్చింది. 1881లో రష్యా జార్ రెండో అలెగ్జాండర్‌ని చంపేశాక అక్కడ యూదుల ఇళ్ళ మీద, షాపుల మీద దాడులు మొదలయ్యాయి, అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకొస్తున్నవాళ్ళు కూడా ఇక లాభం లేదనుకుని మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కారు, అలా 1914 వరకు సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరారు. వాళ్ళలో చాలామంది దిగిపోయింది న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో. అక్కడ వాళ్ళు ఎలా బతికారు, ఏం తిన్నారు, ఏం చదివారు, దేనికోసం కొట్లాడుకున్నారు, పిల్లల్ని ఎలా పెంచారు, ఆ పిల్లలు ఎలా దూరమైపోయారు, ఇదీ విషయం. వచ్చిన కొత్తలోనే బెస్ట్ సెల్లర్ అయింది, 1977లో హిస్టరీ విభాగంలో నేషనల్ బుక్ అవార్డ్ కూడా వచ్చింది.

కానీ దీన్ని హిస్టరీ పుస్తకం అనుకుని మొదలుపెడితే సగం రుచి పోతుందని నా అభిప్రాయం. హౌ చరిత్రకారుడు కాదు. నవలలు, కథలు, కవితలు చదివి వాటి మీద రాసుకుంటూ బతికిన విమర్శకుడు, ఇంగ్లీష్ ప్రొఫెసర్. అమెరికన్ రచయిత ఫాక్‌నర్ నవలని ఎంత శ్రద్ధగా చదివాడో, పేపర్‌కి ఉత్తరం రాసిన ఒక బట్టల ఫ్యాక్టరీ కూలీ మాటని కూడా అంతే శ్రద్ధగా చదివాడు. అది ఈ పుస్తకంలో పేజీ పేజీకీ తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆయన కెరీర్ గురించి కాస్త తెలుసుకుని చదివితే ఇంకా బాగుంటుంది, ఆ పని ఇక్కడ నేనే చేసేస్తా.

అసలు పేరు ఇర్వింగ్ హోరెన్‌స్టైన్, 1920లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడేది యిడ్డిష్, అంటే తూర్పు యూరప్ యూదుల భాష. స్కూల్లో వేసిన కొత్తలో టీచర్ ఒక ఫోర్క్ చూపించి ఇదేంటి అని అడిగితే, పాపం పిల్లాడు ఇంట్లో అనే మాటే అన్నాడు, క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ రోజే ఇంటికొచ్చి అమ్మానాన్నలతో ఇక నేను మీతో యిడ్డిష్‌లో మాట్లాడను అని చెప్పేశాడట. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళెవరైనా సరే ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతారు. మనం తెలుగులో అడగడం, వాళ్ళు ఇంగ్లీష్‌లో జవాబివ్వడం, ఎన్ని ఇళ్ళల్లో జరగట్లేదు చెప్పండి.

నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది, గ్రేట్ డిప్రెషన్‌లో అది మునిగిపోయింది. దాంతో కుటుంబం బ్రాంక్స్‌లోనే ఇంకా పేద పేటకి మారింది, తల్లీ తండ్రీ ఇద్దరూ గౌన్లు కుట్టే ఫ్యాక్టరీల్లో పనికి చేరారు, నాన్న ఇస్త్రీ పని, అమ్మ మిషన్ మీద. 1933లో డ్రెస్‌మేకర్ల యూనియన్ పెద్ద సమ్మె చేసి గెలిచాక ఇంట్లో తిండి కాస్త మెరుగుపడిందని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఈ పుస్తకంలో యూనియన్ల గురించి అంత ప్రేమగా, అంత వివరంగా ఎందుకు రాశాడో అది తెలిస్తే వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ఫీజు లేని సిటీ కాలేజ్‌లో చదువు. అక్కడి కెఫెటీరియాలో గోడవారగా అరల్లాంటి చోట్లు ఉండేవి, ఒకటో అరలో స్టాలిన్ అంటే పడని లెఫ్ట్ కుర్రాళ్ళు, రెండో అరలో స్టాలిన్ వైపు వాళ్ళు, పొద్దస్తమానం వాదనలే. హౌ ఒకటో అర మనిషి. డేనియల్ బెల్, నేథన్ గ్లేజర్, ఇర్వింగ్ క్రిస్టల్ లాంటి తర్వాత పేరుమోసిన మేధావులందరూ అక్కడివాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ హౌని అలాస్కాలో పడేసింది, అక్కడ పెద్దగా పనిలేక దొరికిందల్లా చదివాడు. తిరిగొచ్చాక మ్యాగజైన్లకి రివ్యూలు రాస్తూ బతుకు మొదలుపెట్టాడు.

ఇక్కడ నాకు చాలా ఆసక్తిగా అనిపించిన విషయం ఒకటుంది. ఆయన సాహిత్య విమర్శలో మొదట వేసిన పుస్తకాలు ఎవరి మీద? 1951లో షెర్వుడ్ ఆండర్సన్, అంటే ఒహైయో చిన్న ఊళ్ళ కథలు. 1952లో విలియమ్ ఫాక్‌నర్, అంటే మిసిసిపీ పల్లెలు, పాత తెల్ల భూస్వాముల కుటుంబాలు. బ్రాంక్స్ యూదు కుర్రాడికి వీటితో ఏ చుట్టరికమూ లేదు. ఆ తరం యూదు విమర్శకులు చాలామంది అలాగే మొదలుపెట్టారు, ఆల్ఫ్రెడ్ కేజిన్ కూడా 1942లో వచ్చిన తన మొదటి పుస్తకంలో అమెరికన్ వచనం మొత్తాన్నీ తన సొంత ఆస్తిలా చేతికి తీసుకున్నాడు. ఈ దేశపు సాహిత్యం మీకెంతో మాకూ అంతే అని నిరూపించుకోవాల్సిన రోజులవి, యూనివర్సిటీల ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్లలో యూదులకి ఉద్యోగం రావడమే గగనం. హౌ బయటినుంచి వచ్చి ఆ గుమ్మం దాటాడు, దాటాక వెనక్కి తిరిగి నాన్న భాష దగ్గరికొచ్చాడు. నా దృష్టిలో ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా గొప్ప మలుపు అదే.

ఆ పనిలో ఆయనకి తోడు ఎలీజర్ గ్రీన్‌బర్గ్ అనే యిడ్డిష్ కవి. గ్రీన్‌బర్గ్ కథలు పైకి చదివి వినిపిస్తుంటే హౌ వింటూ ఏవి తీసుకోవాలో ఏవి వద్దో తేల్చుకునేవాడు. అలా కూర్చుని కూర్చుని 1954లో యిడ్డిష్ కథల సంకలనం తెచ్చారు, 1969లో కవిత్వ సంకలనం, తర్వాత వ్యాసాలవీ కూడా. అప్పటికి ఆ భాష మాట్లాడే యూరప్ మొత్తం నాజీల చేతిలో నాశనమైపోయింది, రాసేవాళ్ళు కొద్దిమంది మిగిలారు, చదివేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. అలాంటప్పుడు లాభం ఏమీ లేని పని నెత్తినేసుకోవడం మామూలు విషయం కాదు.

ఐజాక్ బషేవిస్ సింగర్ రాసిన ‘గింపెల్ ద ఫూల్’ కథ ఇంగ్లీష్‌లోకి ఎలా వచ్చిందో వింటే భలే ఉంటుంది. నవలాకారుడు సాల్ బెల్లోని టైప్‌రైటర్ ముందు కూర్చోబెట్టారు. గ్రీన్‌బర్గ్ ఒక్కో వాక్యం యిడ్డిష్‌లో చదువుతుంటే బెల్లో అక్కడికక్కడే ఇంగ్లీష్‌లో కొట్టుకుంటూ పోయాడు, హౌ పక్కన కూర్చుని చూస్తున్నాడు, కొన్ని గంటల్లో కథ పూర్తి. 1953లో పార్టిజన్ రివ్యూ పత్రికలో అచ్చయింది, యిడ్డిష్ రాని పాఠకులకి సింగర్ అంటే ఎవరో తెలిసింది దాంతోనే. బెల్లోకి 1976లో, సింగర్‌కి 1978లో నోబెల్ వచ్చింది. ఆ రోజు ఒకే గదిలో పదాల మీద తర్జనభర్జన పడుతున్నవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇవన్నీ చేస్తూనే బ్రాండైస్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో, 1963 నుంచి 1986 దాకా న్యూయార్క్ హంటర్ కాలేజ్‌లో పాఠాలు చెప్పాడు, 1954లో లూయిస్ కోజర్‌తో కలిసి డిసెంట్ పత్రిక పెట్టి 1993లో చనిపోయేదాకా నడిపాడు.

ఇక పుస్తకం లోపలికొద్దాం. మొత్తం ఒక్కలాగే బాగుందని అనను. మొదటి వంద పేజీలు, అంటే రష్యా వదలడం, సరిహద్దులు దాటడం, ఓడలో కింద డెక్కులో కుక్కేసి తేవడం, వలసవాళ్ళని పరీక్షించే ఎల్లిస్ ఐలాండ్ డాక్టర్లు, ఇవి బాగానే ఉంటాయి కానీ వేరేచోట కూడా దొరుకుతాయి. అసలు పుస్తకం నడుమ భాగంలో ఉంది. 1897లో మొదలైన ఫార్వర్డ్ అనే యిడ్డిష్ దినపత్రిక, దాని ఎడిటర్ ఏబ్రహామ్ కాహన్, ఆయన 1906లో మొదలుపెట్టిన ‘బింటెల్ బ్రీఫ్’ అనే ఉత్తరాల శీర్షిక. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు ఏం చేయను అని ఒక ఆవిడ, దేవుణ్ణి నమ్మని నేను గుడికెళ్ళే పిల్లని పెళ్ళి చేసుకోవచ్చా అని ఒక కుర్రాడు, ఇలాంటివి వేలకొద్దీ వచ్చేవి, ఎడిటర్ ఓపిగ్గా జవాబిచ్చేవాడు. పారిపోయిన మొగుళ్ళ ఫొటోలతో ఆ పత్రికలో ప్రత్యేకంగా ఒక గ్యాలరీనే నడిచింది. ఇలాంటి సరుకుని హౌ ఎక్కడా చులకన చేయడు, అయ్యో పాపం అని కన్నీళ్ళు కూడా కార్చడు. ఆ మాటల్లో తడబాటు ఎక్కడుంది, అవమానం ఎక్కడ దాగుంది, కొత్త దేశం మీద ఆశ ఎక్కడ బయటపడింది, అది చూస్తాడు. కథల్ని చదివి చదివి పదునెక్కిన చెవి అది.

మారిస్ రోజెన్‌ఫెల్డ్ అని బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని చేసిన కవి ఉన్నాడు. ఆయన కవిత ఒకటి, తండ్రి తెల్లారకముందే పనికెళ్ళి పిల్లాడు పడుకున్నాక వస్తాడు, ఉన్న ఒక్క కొడుకుని మెలకువగా ఉండగా చూసే యోగమే లేదు, పొద్దున వాడేం ఆడాడో ఏమన్నాడో భార్య చెప్తుంటే వింటాడు, మంచం పక్కన నిలబడి నిద్రలో కలవరించే పిల్లాణ్ణి చూస్తూ, ఏదో ఒకరోజు నువ్వు లేచేసరికి నేనుండనేమో నాన్నా అనుకుంటాడు. ఇది కళగా గొప్ప కవిత్వమా అంటే, మొహమాటం పక్కనపెట్టి చూస్తే ఇలాంటి చెమట కవిత్వంలో మోటు కూడా ఉంటుంది. కానీ మిషన్ల దగ్గర వంగిపోయినవాళ్ళకి మన బతుకు కూడా పాటకి పనికొస్తుందా అని మొదటిసారి తెలిసింది ఇలాంటివాటితోనే.

రోజెన్‌ఫెల్డ్ తరవాతి తరం కవులు ఇంకా విచిత్రం. మానీ లైబ్ చెప్పులు కుట్టేవాడు, జిషె లాండౌ ఇళ్ళకి రంగులేసేవాడు, లేవిక్ గోడలకి కాగితాలు అంటించేవాడు. పగలంతా ఈ పని, రాత్రి కేఫ్‌లో టీ ముందు పెట్టుకుని కొత్త కవిత్వం ఎలా ఉండాలని వాదన. జాతి కోసం, కార్మికుడి కోసం అని కాకుండా కవిత్వం కవిత్వం కోసమే అన్నవాళ్ళు వీళ్ళు, అదీ చేతులకి కాయలు కాసినవాళ్ళు! ఈ చాప్టర్ కోసమైనా పుస్తకం కొనాలి, నేనైతే పెన్సిల్‌తో గీతలు గీసీ గీసీ ఆ పేజీలు నల్లగా చేసేశా.

సమ్మెల చాప్టర్ కూడా వదలొద్దు. 1909 నవంబర్ 22న కూపర్ యూనియన్ అనే కాలేజ్ హాల్లో నాయకులు గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తూ సమ్మె మాట మాత్రం తేల్చకపోతే, క్లారా లెమ్లిక్ అనే కుర్ర కార్మికురాలు లేచి యిడ్డిష్‌లో ఇక మాటలు చాలు, సమ్మె చేద్దాం అంది. మర్నాటి నుంచి దాదాపు 20,000 మంది, ఎక్కువమంది ఆడపిల్లలే, రోడ్డెక్కారు. రెండేళ్ళు తిరక్కుండానే 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది చనిపోయారు, బయటికెళ్ళే తలుపు తాళమేసి ఉంది. ఆ భాగం చదివాక కాసేపు పుస్తకం మూసి పెట్టాల్సొచ్చింది.

ఇక కోసిన అర పాయింట్ సంగతి. టైటిల్‌లోనే తండ్రులున్నారు, లోపల కూడా చాలావరకు తండ్రులే. అమ్మల గురించి, ఫ్యాక్టరీ అమ్మాయిల గురించి మంచి పేజీలు లేకపోలేదు, కానీ సాహిత్యం దగ్గరికొచ్చేసరికి కవులందరూ మగవాళ్ళే అన్నట్టు నడిచిపోతుంది. ఆనా మార్గోలిన్, సీలియా డ్రాప్‌కిన్ లాంటి కవయిత్రులు అదే న్యూయార్క్‌లో అదే రోజుల్లో అద్భుతంగా రాశారు, వాళ్ళకి దక్కాల్సినంత చోటు దక్కలేదు. ఇంత మంచి చెవి ఉన్న మనిషికి అటువైపు గొంతులు ఎందుకు వినపడలేదో అని బాధేసింది. మతాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్ళ జీవితం కూడా తక్కువే, హౌకి సోషలిస్టుల మీదున్న ప్రేమ వాళ్ళ మీద లేదు. పైగా అంతా న్యూయార్కే, షికాగో, ఫిలడెల్ఫియా దాదాపు లేవు. బ్రిటన్‌లో ఇదే పుస్తకాన్ని ‘ది ఇమ్మిగ్రెంట్ జ్యూస్ ఆఫ్ న్యూయార్క్’ అని వేశారు, నిజానికి ఆ పేరే లోపలున్న సరుకుకి సరిగ్గా సరిపోతుంది.

విమర్శకుడిగా ఆయన తీర్పులన్నిటితో కూడా నేను ఏకీభవించను. యూదు నవలాకారుడు ఫిలిప్ రాత్ మొదటి పుస్తకాన్ని 1959లో మెచ్చుకున్నవాడే, 1972 డిసెంబర్‌లో కామెంటరీ పత్రికలో ఆయన్ని చీల్చి చెండాడాడు, ‘పోర్ట్‌నోయ్స్ కంప్లెయింట్’ అనే రాత్ నవలకి ఎవరైనా చేయగల అతి క్రూరమైన పని దాన్ని రెండోసారి చదవడమే అన్నాడు. రాత్ ఆ దెబ్బ మర్చిపోలేదు, 1983లో ‘ది అనాటమీ లెసన్’లో మిల్టన్ ఆపెల్ అని ఒక విమర్శకుడి పాత్ర పెట్టి మొత్తం కక్ష తీర్చుకున్నాడు. నాకైతే హౌ అక్కడ న్యాయం తప్పాడనిపిస్తుంది, తండ్రుల తరం మీద తనకున్న గౌరవం రాత్ నవ్వుని భరించనివ్వలేదు. 1977లో ‘జ్యూయిష్-అమెరికన్ స్టోరీస్’ సంకలనానికి రాసిన ముందుమాటలో కూడా, వలస జ్ఞాపకం ఇంధనంగా నడిచిన ఈ సాహిత్యం తన శిఖరం దాటేసి ఉంటుందన్నాడు. తర్వాత జరిగింది చూస్తే రచయిత్రి సింథియా ఓజిక్ ఇంకా ఎదిగింది, రాత్ తన గొప్ప నవలలు కొన్ని ఆ తర్వాతే రాశాడు, మైకల్ షేబన్ 2001లో పులిట్జర్ కొట్టాడు, సోవియట్ నుంచి పిల్లాడిగా వచ్చిన గ్యారీ ష్టైన్‌గార్ట్ 2002లో మళ్ళీ వలస కథతోనే అడుగుపెట్టాడు. ఒక తెలివైన మనిషి తన కాలం ముగింపుని సాహిత్యం ముగింపు అనుకోవడం ఎలా ఉంటుందో చూడ్డానికైనా ఆ ముందుమాట చదవాలి.

మనకెందుకు ఈ యూదుల గొడవ అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళకోసం ఒక విషయం. హైదరాబాద్‌లో ఎంఏ ఇంగ్లీష్ చదివినవాళ్ళకి బెల్లో, మాలముడ్ కొత్తేం కాదు, ఓయూ క్యాంపస్‌లో 1964లో వచ్చిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ కోసం దేశమంతటి నుంచి రీసెర్చ్ స్కాలర్లు వచ్చేవాళ్ళు. అది సరే, అంతకన్నా దగ్గరి బంధం ఇంకొకటుంది. తూర్పు యూరప్ యూదుల రాకని దాదాపు ఆపేసింది 1924 చట్టం, దేశాలవారీగా కోటాలు పెట్టి. అప్పుడు కొత్తగా కాంగ్రెస్‌కి వచ్చిన బ్రూక్లిన్ యూదుడు ఇమాన్యుయేల్ సెలర్ దాన్ని సభలో ఎదిరించి ఓడిపోయాడు, పట్టు వదల్లేదు, నలభై ఏళ్ళు గడిచాక 1965లో ఆ కోటాల్ని ఎత్తేసిన చట్టం మీద ఉన్నది ఆయన పేరే, హార్ట్ సెలర్ యాక్ట్. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా రావడానికి తలుపు తెరుచుకున్నది దాంతోనే. న్యూజెర్సీలో ఇల్లు కట్టుకున్న ప్రతి తెలుగు కుటుంబం వెనకా ఈ పుస్తకంలోని మనుషుల పోరాటం కొంత ఉంది, అది తెలుసుకోవడం మన బాధ్యత అని గట్టిగా నమ్ముతున్నా.

కొనేవాళ్ళకి: 2005లో ఎన్‌వైయూ ప్రెస్ వేసిన పేపర్‌బ్యాక్ చూడండి, మారిస్ డిక్‌స్టైన్ ముందుమాట ఉంది, కొత్తగా చదివేవాళ్ళకి అది బాగా దారి చూపిస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో పాత ప్రింట్లు చవగ్గా దొరుకుతాయి కానీ నేను ఆన్‌లైన్‌లో మొదట తెప్పించిన పాత కాపీ ఎండిపోయిన గమ్ముతో వచ్చింది, తెరవగానే నడుమ పేజీలు ఊడి చేతిలోకొచ్చాయి, ఫొటో అడిగి చూసుకుని కొనండి. టైటిల్ పేజీలో కెన్నెత్ లీబో పేరు కూడా ఉంటుంది, ఈ మెటీరియల్ పోగుచేయడంలో ఆయన కష్టం చాలా ఉంది, ఆ పేరుని దాటేయకండి. చదివే వరుస గురించి నా సలహా, యిడ్డిష్ పత్రికలు, నాటకాలు, కవుల చాప్టర్లతో మొదలుపెట్టండి, తర్వాత సమ్మెలు, ఆ తర్వాత వెనక్కెళ్ళి ఓడ ప్రయాణం, చివరి భాగంలో శివారు ఇళ్ళకి మారిపోయినవాళ్ళ గురించి రాసింది మాత్రం ఆఖర్నే చదవాలి.

న్యూయార్క్ దగ్గర ఉన్నవాళ్ళైతే ఆర్చర్డ్ స్ట్రీట్ 97లో టెనెమెంట్ మ్యూజియం ఉంది, పుస్తకంలో చదివిన ఇరుకు గదులు అక్కడ కళ్ళారా చూడొచ్చు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ ఈస్ట్ బ్రాడ్‌వే 175కి వెళ్తే పాత ఫార్వర్డ్ బిల్డింగ్ కనిపిస్తుంది, ఇప్పుడు అందులో ఖరీదైన ఫ్లాట్లు, గుమ్మం పైన మార్క్స్, ఎంగెల్స్ బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇది నచ్చితే తర్వాత 1982లో వచ్చిన ఆయన ఆత్మకథ ‘ఎ మార్జిన్ ఆఫ్ హోప్’ పట్టుకోండి. ఏడొందల పేజీలంటే భయపడేవాళ్ళు మాత్రం ముందు 1954 నాటి యిడ్డిష్ కథల సంకలనం తీసుకోండి, అందులో హౌ, గ్రీన్‌బర్గ్ కలిసి రాసిన పెద్ద ముందుమాట ఉంది, అది చదివాక ఈ పుస్తకం కావాలని మీకే అనిపిస్తుంది.